ఆవగింజంత పెట్రోలు

పావగడ తాలూకాలో పడవలు లేవు. పటంలో నాగలమడికె పక్కగా ఉత్తర పినాకిని నీలిగీతగా కనిపిస్తుంది గాని, ఏడాదిలో చాలా రోజులు అక్కడ ఉండేది ఇసుకే. ఆంధ్రప్రదేశ్ మూడు వైపులా చుట్టుకొని ఉన్న ఈ మెట్టసీమ నుంచి సముద్రం చూడాలంటే కొన్ని వందల కిలోమీటర్లు ప్రయాణం చెయ్యాలి. అయినా, మత్స్యకారులు పడవ వెనక తగిలించుకొనే చిన్న ఇంజనుకు దగ్గరి చుట్టం ఒకటి ఇక్కడి పల్లెలన్నిటికీ తెలుసు. అదే మోపెడ్. వేరుసెనగ మూట, పచ్చిగడ్డి మోపు, పాల క్యాను, వాటి మధ్య ఇరుక్కొని కూర్చున్న మనిషి, ఇంత బరువునూ మట్టిబాట మీద లాక్కొని పోయే బండి అది.

పడవ ఇంజను నీటిలో రెక్కలను తిప్పుతుంది. మోపెడ్ ఇంజను గొలుసు ద్వారా చక్రాన్ని తిప్పుతుంది. పాత రకాలలో రెండూ టూ స్ట్రోకు ఇంజన్లే. రెండింటిలోనూ పెట్రోలులో ఆయిలు కలిపి పోస్తారు. రెండింటి పక్కనా పిడికిలంత లోహపు డబ్బీ ఒకటి బిగించి ఉంటుంది. దానిని కార్బురేటరు అంటారు. మెకానిక్కుల నోట అది ‘కార్బేటరు’గా అరిగిపోయింది. విజ్ఞానశాస్త్ర గ్రంథాలలో పిస్టనును ముషలకమనీ, వాల్వును కవాటమనీ రాసేవారు. అవి మంచి మాటలే గాని షెడ్డు గడప దాటి లోపలికి పోలేదు. కార్బురేటరుకు మాత్రం గ్రంథాలలో కూడా వేరే పేరు నిలవలేదు.

దాని పని ఒక్కటే: కలపడం. పెట్రోలు ద్రవంగా ఉన్నప్పుడు మండదు. ఆవిరై గాలితో కలిసినప్పుడే మండుతుంది. ఆ కలయికకు ఒక లెక్క ఉంది. బరువు ప్రకారం ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు పదిహేను పాళ్ళ గాలి కావాలి. బరువు లెక్క వినడానికి మామూలుగా ఉంటుంది, కొలత లెక్క ఆశ్చర్యం కలిగిస్తుంది. ఒక లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. అది మండడానికి కావలసిన గాలి దాదాపు 11 కిలోలు. పావగడ ఎండలో అంత గాలి పదివేల లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. అంటే పది లీటర్ల పెట్రోలు తాగిన మోపెడ్, ఒక పెద్ద తరగతి గదిలో పట్టేటంత గాలిని కూడా తాగినట్లే. బండి పెట్రోలుతో నడుస్తుందని అందరూ అంటారు. గాలితో నడుస్తుందని ఎవరూ అనరు, దాన్ని డబ్బు పెట్టి కొనం గనుక.

ఇక ఒక్కొక్క పేలుడుకు ఎంత పెట్రోలు పడుతుందో చూద్దాం. టూ స్ట్రోకు ఇంజనులో పిస్టను ఒకసారి పైకి, ఒకసారి కిందికి కదిలితే ఒక పేలుడు పూర్తవుతుంది. నిమిషానికి 5,000 సార్లు తిరిగే ఇంజనులో సెకనుకు ఎనభైకి పైగా పేలుళ్ళు జరుగుతాయి. యాభై ఘనపు సెంటీమీటర్ల సిలిండరు గల మోపెడ్‌లో ఒక్కొక్క పేలుడుకు సుమారు మూడు మిల్లీగ్రాముల పెట్రోలు చాలు. అది ఒక ఆవగింజ ఎత్తు. సెకనుకు ఎనభై ఆవగింజలను ఒకదాని తర్వాత ఒకటిగా, ఎక్కువా తక్కువా కాకుండా, గాలిలో కలిపి పంపాలి. కార్బురేటరులో బ్యాటరీ లేదు, మోటారు లేదు. లెక్క తెలిసిన పరికరమేదీ లేదు. ఒక ఇరుకు గొట్టం, ఒక తేలే బుడ్డి, కొన్ని సన్నని రంధ్రాలు, అంతే.

ఇరుకు గొట్టంలోనే అసలు కిటుకు ఉంది. పొలం కాలువ వెడల్పుగా ఉన్నచోట నీళ్ళు మెల్లగా పోతాయి. అదే కాలువ రెండు రాళ్ళ మధ్య ఇరుకైతే నీళ్ళు ఉరుకుతాయి. గాలి కూడా అంతే. ఇరుకుచోట గాలి వేగం పెరుగుతుంది. వేగం పెరిగినచోట పీడనం తగ్గుతుంది. ఈ సంబంధాన్ని స్విట్జర్లాండుకు చెందిన డేనియల్ బెర్నూలీ 1738లో తన గ్రంథంలో వివరించాడు. ఇరుకు గొట్టాలలో ప్రవాహం ఎట్లా ఉంటుందో ఇటలీకి చెందిన వెంచూరి 1797లో ప్రకటించాడు. కార్బురేటరు నడుమ ఉండే సన్నని భాగాన్ని ఇప్పటికీ వెంచూరి అనే పిలుస్తారు. ఒక గ్లాసు నీళ్ళు, రెండు గడ్డిపుల్లల గొట్టాలు ఉంటే ఇంట్లోనే దీన్ని చూడవచ్చు. ఒక గొట్టాన్ని నీటిలో నిలువుగా నిలిపి, దాని పై కొసకు అడ్డంగా రెండో గొట్టంతో గట్టిగా ఊదితే నీరు పైకి ఎగబాకి తుంపరగా చిమ్ముతుంది. నీటిని ఎవరూ పీల్చలేదు. పైన పీడనం తగ్గింది గనుక కింద ఉన్న వాతావరణ పీడనం దానిని పైకి నెట్టింది. వెనకటి ఇళ్ళలో దోమల మందు కొట్టడానికి వాడిన చేతిపంపు పనిచేసింది కూడా ఈ సూత్రం మీదనే.

మొదటి పెట్రోలు ఇంజన్లలో ఇంత నేర్పు లేదు. పెట్రోలు మీదుగా గాలిని పోనిచ్చి, లేచినంత ఆవిరిని లేచినట్లే ఇంజనులోకి పంపేవారు. ఎండ కాస్తే ఎక్కువ ఆవిరి, చలి వేస్తే తక్కువ ఆవిరి. 1893లో హంగరీ దేశస్థులైన డోనాట్ బాంకి, యానోష్ చోంకా అనే ఇద్దరు సన్నని ముక్కుతో పెట్రోలును గాలిలోకి చిమ్మించే కార్బురేటరుకు పేటెంటు తీసుకొన్నారు. ఇంచుమించు అదే కాలంలో జర్మనీలో విల్హెల్మ్ మేబాక్ కూడా అటువంటిదే తయారు చేశాడు. పూలమ్మే పిల్ల ఒకతె నోటితో పూలమీద నీళ్ళు చిమ్మడం చూసి హంగరీవారికి ఈ ఆలోచన వచ్చిందని ఒక కథ చెప్పుకొంటారు. కథలకేమిగాని, సంతలో పూలమీద నీళ్ళు చల్లే దృశ్యం మన వీధులలోనూ కొత్తది కాదు.

కార్బురేటరును విప్పితే అడుగున ఒక చిన్న గిన్నె కనిపిస్తుంది. ట్యాంకు నుంచి వచ్చిన పెట్రోలు ఇందులో నిలుస్తుంది. గిన్నెలో తేలే బుడ్డిని ఫ్లోటు అంటారు. పెట్రోలు నిండేకొద్దీ ఫ్లోటు పైకి లేచి, ఒక కోసు సూదిని రంధ్రంలోకి నెట్టి, వచ్చే దారి మూస్తుంది. పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ దారి తెరుస్తుంది. ఇంటి మిద్దె మీది నీళ్ళ ట్యాంకులో బంతికొళాయి చేసే పనే ఇది. సూది అరిగిపోయినా, దాని కింద చిన్న ఇసుక నలుసు పడినా దారి మూసుకోదు. అప్పుడు పెట్రోలు పొంగి బయటికి కారుతుంది.

గిన్నె నుంచి పెట్రోలు మూడు దారులలో పైకి వెళ్తుంది. యాక్సిలరేటరు వదిలి బండి నిలబడి ఉన్నప్పుడు పనిచేసేది చిన్న దారి. దీని ముక్కును స్లో జెట్టు అంటారు. సగం యాక్సిలరేటరు ఇచ్చినప్పుడు కోసుగా ఉన్న పొడవాటి సూది పైకి లేచి, తన చుట్టూ ఎంత సందు ఇస్తే అంత పెట్రోలు వెళ్తుంది. పూర్తిగా తిప్పినప్పుడు లెక్క చూసేది మెయిన్ జెట్టు. అది ఇత్తడి ముక్క. దాని నడుమ మిల్లీమీటరు కూడా లేని రంధ్రం. ఈ మూడు దారుల సంగతి గుర్తు లేకుండా స్క్రూడ్రైవరు పట్టుకొనేవారు చాలామంది ఉన్నారు. బండి ఎక్కుడు దారిలో లాగడం లేదని పక్కనున్న చిన్న స్క్రూను తిప్పుతూ కూర్చుంటారు. ఆ స్క్రూ ఏలుబడి నిలబడి కొట్టుకొనే ఇంజను మీద, మహా అయితే పావు యాక్సిలరేటరు దాకా. ఎక్కుడుదారి సంగతి మెయిన్ జెట్టుది.

జెట్టులో చెత్త అడ్డుపడితే ఇనుపతీగతో పొడవడం మరొక దురలవాటు. ఇత్తడి మెత్తని లోహం. తీగ దాని అంచును గీకుతుంది. 60 వంతుల వెడల్పున్న రంధ్రం 66 వంతులైతే ఏముందిలే అనిపించవచ్చు. కాని పెట్రోలు వెళ్ళేది వైశాల్యాన్ని బట్టి. వెడల్పు పదో వంతు పెరిగితే వైశాల్యం అయిదో వంతు పెరుగుతుంది. ఆ తర్వాత ఏ స్క్రూ తిప్పినా ఆ బండి పొగ మానదు. జెట్టును పెట్రోలులో కడిగి గాలితో ఊదాలి. అంతకు మించి చెయ్యరాదు.

మజ్జిగను చిక్కన, పలుచన అన్నట్లే ఈ మిశ్రమాన్ని కూడా అనవచ్చు. పెట్రోలు పాలు ఎక్కువైతే చిక్కని మిశ్రమం. గాలి పాలు ఎక్కువైతే పలుచని మిశ్రమం. చిక్కనిదైతే పొగ, వాసన, పెట్రోలు దండగ. ప్లగ్గు మసిబారి నిప్పురవ్వ రాలదు. ఈ తప్పు నలుగురికీ కనిపిస్తుంది. పలుచనిదైతే మొదట ఏ తప్పూ కనిపించదు. పొగ రాదు. ఇంజను గొంతు సన్నగా, హాయిగా మారుతుంది. వేగం కూడా కొంచెం పెరిగినట్లు ఉంటుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది.

“సూది ఇంకో గాడి దించన్నా, లీటరుకు ఇంకా నాలుగైదు కిలోమీటర్లు వస్తాది” అని బండి యజమాని అడగడం షెడ్డులలో మామూలే. అనుభవం ఉన్న మెకానిక్కు వెంటనే ఒప్పుకోడు. “దించితే ఈ పొద్దు బాగానే పోతాదిప్పా. మిట్టమధ్యాన్నం రెండు మూటలేసుకొని ఎక్కుడు ఎక్కేటప్పుడు పట్టేస్తాది. మిగిలిన పెట్రోలు దుడ్డుతో పిస్టను రాదు” అంటాడు.

ఆయన అన్నదానికి కారణాలు రెండు. మొదటిది వేడి. చిక్కని మిశ్రమంలోని అదనపు పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు సిలిండరులోని వేడిని కొంత తీసుకొంటుంది. పెట్రోలు తగ్గితే ఆ చల్లదనం తగ్గి పిస్టను కాగిపోతుంది. పిస్టను అల్యూమినియంతో చేసినది. పాత ఇంజన్లలో దాని చుట్టూ ఉన్న సిలిండరు పోత ఇనుముది. ఒకే వేడికి ఇనుము ఒక వంతు వ్యాకోచిస్తే అల్యూమినియం రెండు వంతులు వ్యాకోచిస్తుంది. రెండింటి నడుమ ఉన్న సందు మిల్లీమీటరులో కొన్ని నూరో వంతులు మాత్రమే. లోపలిది ఎక్కువగా ఉబ్బి, బయటిది అంతగా ఉబ్బకపోతే సందు మాయమై పిస్టను గోడకు కరచుకొంటుంది. దీన్నే ఇంజను పట్టేసింది అంటారు.

రెండవ కారణం టూ స్ట్రోకు ఇంజనుకే ప్రత్యేకమైనది. దీనికి అడుగున వేరే ఆయిలు గుంట లేదు. లీటరు పెట్రోలులో 20 నుంచి 40 మిల్లీలీటర్ల దాకా, ఇంజను రకాన్ని బట్టి, కలిపిన ఆయిలే బేరింగులకూ, పిస్టనుకూ ఆధారం. ఆయిలు పెట్రోలుతో పాటే కార్బురేటరు దారిలో రావాలి. మైలేజి కోసం పెట్రోలును నూటికి పది తగ్గిస్తే, తనకు తెలియకుండానే ఆయిలును కూడా నూటికి పది తగ్గించినట్లు. వేడి పెరిగిన సమయంలోనే జారుడు తగ్గుతుంది. లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఆదా చేసుకొన్న రైతు, వేరుసెనగ పీకే వారంలో బండిని షెడ్డులో వదిలి, సిలిండరు బోరు కొట్టించి కొత్త పిస్టను వేయించే దాకా కాలినడకన తిరగవలసి వస్తుంది. పాలు పోసేవాడైతే ఆ వారమంతా ఇంకొకరి బండిని బతిమాలుకోవాలి.

సవరించే పద్ధతి ఓపికతో కూడినది. మొదట గాలి వడపోత జాలీని శుభ్రం చెయ్యాలి. పావగడ వంటి కరువుసీమలో గాలికాలం వస్తే దుమ్ము తెరలు తెరలుగా లేస్తుంది. జాలీ పూడితే గాలి తగ్గి మిశ్రమం చిక్కబడుతుంది. జాలీ పూడిన బండికి స్క్రూ తిప్పి పలుచన చేసి, మరునాడు జాలీ కడిగితే ఏమవుతుందో ఊహించవచ్చు. జాలీని తీసిపారేసి నడిపేవారూ ఉన్నారు. అప్పుడు మిశ్రమం పలుచనవడమే కాక దుమ్ము నేరుగా సిలిండరులోకి పోయి ఆకురాయిలా అరగదీస్తుంది. కార్బురేటరుకూ ఇంజనుకూ మధ్య ఉన్న అట్ట చిరిగినా, దొంగదారిన గాలి చొరబడి మిశ్రమం పలుచనవుతుంది.

ఇవన్నీ చూసుకొన్నాక ఇంజనును బాగా వేడెక్కనివ్వాలి. చల్లని ఇంజనును సవరించడం వృథా. పక్కన రెండు స్క్రూలు ఉంటాయి. ఒకటి యాక్సిలరేటరు వదిలినా ఇంజను ఆగిపోకుండా నిలిపేది. రెండోది పాళ్ళు మార్చేది. ఈ రెండో స్క్రూ గాలి జాలీ వైపు ఉంటే అది గాలిని నియమించే స్క్రూ. బిగిస్తే గాలి తగ్గి మిశ్రమం చిక్కబడుతుంది. ఇంజను వైపు ఉంటే అది పెట్రోలును నియమించేది. బిగిస్తే పలుచనవుతుంది. ఒకే తిప్పుడు ఒక బండిలో ఒక ఫలితాన్ని, ఇంకొక బండిలో దానికి సరిగ్గా ఎదురు ఫలితాన్ని ఇస్తుంది. ఏది ఏదో చూడకుండా చెయ్యి పెట్టరాదు.

స్క్రూను చివరిదాకా, మెత్తగా, తగిలీ తగలనట్లు బిగించాలి. గట్టిగా బిగిస్తే దాని కోసు మొన నొక్కుకుపోయి పాడవుతుంది. అక్కడ నుంచి ఒకటిన్నర చుట్టు వదలాలి. చాలా ఇంజన్లకు సరైన చోటు ఈ చుట్టుపక్కలనే దొరుకుతుంది. తర్వాత పావు చుట్టు తిప్పాలి, ఆగాలి, వినాలి. కార్బురేటరులో జరిగిన మార్పు ఇంజను గొంతులో వినిపించడానికి కొన్ని సెకన్లు పడుతుంది. తొందరపడినవాడు ఆ లోపలే మరో పావు తిప్పి, ఏ తిప్పుకు ఏ మార్పు వచ్చిందో తెలియక తికమకపడతాడు. ఇంజను అన్నిటికంటె వేగంగా, తడబాటు లేకుండా కొట్టుకొనే చోటు ఒకటి దొరుకుతుంది. మంచి మెకానిక్కు అక్కడ ఆగడు. అక్కడ నుంచి కొద్దిగా, చుట్టులో ఎనిమిదో వంతు, చిక్కని వైపు వెనక్కు వస్తాడు. ఆ తర్వాత వేగం స్క్రూను తగ్గించి, యాక్సిలరేటరును ఒక్కసారి తిప్పి చూస్తాడు. ఇంజను ‘ఊఁ’ అని తటపటాయించి ఆపైన లేస్తే ఇంకా పలుచనగా ఉన్నదని అర్థం. గొంతు బొంగురుపోయి పొగతో లేస్తే చిక్కనగా ఉన్నదని.

చెవి చెప్పినదానికి సాక్ష్యం ప్లగ్గు. కొంత దూరం బరువుతో నడిపి, ఇంజను ఆపి, ప్లగ్గు విప్పి చూడాలి. కొసన లేత కాఫీ రంగు ఉంటే పాళ్ళు కుదిరినట్లు. నల్లని మసి పేరుకొంటే చిక్కన. సున్నంలా తెల్లబారి ఉంటే పలుచన, ఇక ఆలస్యం చెయ్యరాదు. ఆకురంగు చూసి పైరుకు ఏం తక్కువైందో చెప్పే రైతుకు ఈ పరీక్ష నేర్పవలసిన పని లేదు.

ఒక ఊరిలో కుదిరిన పాళ్ళు ఇంకొక ఊరిలో కుదరాలని లేదు. పావగడ సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఇక్కడి గాలి తీరంలోని గాలికంటె నూటికి ఏడు వంతుల దాకా పలుచన. ఒకే గొట్టంలో దూరిన గాలి బరువు తగ్గుతుంది గాని పెట్రోలు అదే లెక్కన తగ్గదు. అందువల్ల తీరంలో సవరించిన ఇంజను ఇక్కడికి వస్తే మిశ్రమం కొంచెం చిక్కబడుతుంది. 2,240 మీటర్ల ఎత్తున ఉన్న ఊటీకి ఎక్కితే పొగ కంటికే కనిపిస్తుంది. ఇది దండగే గాని అపాయం కాదు. ఎత్తున సవరించిన ఇంజను కిందికి దిగినప్పుడే జాగ్రత్త పడాలి. పావగడలో కాఫీ రంగుకు కుదిర్చిన ఇంజనును కాకినాడ రేవుకు తీసుకొనిపోతే, స్క్రూ ఎవరూ తాకకపోయినా మిశ్రమం ఒక పిసరు పలుచనవుతుంది. స్క్రూను సవరించడమంటే ఆ ఊరి గాలికి ఇంజనును ఒప్పించడమే.

కాకినాడ వంటి రేవులలో పలుచని మిశ్రమం అంటే అర్థం వేరు. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలె ఎవిన్‌రూడ్ 1909లో పడవ వెనక తగిలించే ఇంజనును అమ్మకానికి తెచ్చాడు. అదే తర్వాత ఔట్‌బోర్డు ఇంజనుగా లోకమంతా పాకింది. 1980ల నుంచి కేరళ తీరంలోని నాటు పడవలకు వేలకొద్దీ ఈ ఇంజన్లు వచ్చాయి. పెట్రోలుతో మొదలుపెట్టి, వేడెక్కాక కిరసనాయిలుకు మార్చే రకం అక్కడ ఎక్కువ. కిరసనాయిలు సులభంగా ఆవిరి కాదు గనుక చల్లని ఇంజనుతో దానికి పొత్తు కుదరదు. డీజిలు ఇంజన్లు బిగించిన పడవలకు ఈ బాధ లేదు. డీజిలు ఇంజనుకు కార్బురేటరే ఉండదు.

పాత ఔట్‌బోర్డు ఇంజన్లు కొన్నిటికి ముందువైపు రెండు మరలు బయటికే కనిపిస్తాయి. ఒకటి మెల్లగా పోయేటప్పుడు, రెండోది వేగంగా పోయేటప్పుడు పెట్రోలు పాలు మార్చేది. రెండూ పెట్రోలు మరలే గనుక బిగించేకొద్దీ మిశ్రమం పలుచనవుతుంది. మోపెడ్ గాలిస్క్రూకు అలవాటుపడిన చెయ్యి ఇక్కడ పొరపాటు పడుతుంది. ఈ ఇంజనును నేల మీద పెట్టి నడపరాదు. దానిని చల్లబరిచేది చుట్టూ ఉన్న నీరే. లోపలి పంపులోని రబ్బరు రెక్కలు నీరు అందకపోతే కొద్దిసేపటికే కాలిపోతాయి. నీళ్ళ పీపాలో ముంచి మొదలుపెట్టవచ్చు గాని, వేగం మర అసలు సవరణ నీటిమీదే జరగాలి. పడవను లాగే బరువు ఇంజను మీద పడినప్పుడు గాని దాని నిజమైన ఆకలి తెలియదు. చుక్కాని ఒకరు పట్టుకోవాలి, మరను ఇంకొకరు తిప్పాలి. పావు చుట్టు, ఆగడం, వినడం. పద్ధతి అదే.

తేడా ఎక్కడంటే, మోపెడ్ పట్టేస్తే దిగి నెట్టుకొని పోవచ్చు. దారిన పోయే ట్రాక్టరు ఆపవచ్చు. తీరానికి పది కిలోమీటర్ల దూరాన, గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుండగా ఇంజను పట్టేస్తే నెట్టడానికి నేల లేదు. తెరచాపో తెడ్డో ఉంటే మేలు. లేకపోతే ఇంకొక పడవ కంటపడాలి. అందుచేత పడవ ఇంజనును సవరించేవారు చిక్కని వైపే మొగ్గుతారు. కాస్త పొగ, కాస్త పెట్రోలు దండగ వారికి లెక్కలోకి రావు.

పాత ఇంజనుకు నడక కంటె నిలకడ ఎక్కువ చేటు. తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, ఇంజను పడవల వేటను నిషేధిస్తారు. ఆ రోజులలో కార్బురేటరు గిన్నెలో పెట్రోలును వదిలేస్తే అది ఎగిరిపోయి అడుగున జిగురు మిగులుతుంది. మిల్లీమీటరు లేని రంధ్రానికి అంత జిగురు చాలు. పెట్రోలు కొళాయి కట్టేసి, గిన్నె ఖాళీ అయ్యేదాకా ఇంజనును నడిపి ఆపడం తెలిసినవారి పని. పంట లేని కాలంలో మూలనపడే మందు కొట్టే ఇంజనుకు, పట్నంలో చదువుకు పోయిన కొడుకు బండికి కూడా ఇదే వర్తిస్తుంది.

ఈ మధ్య కాలంలో పాత కార్బురేటర్లకు కొత్త చిక్కు ఒకటి వచ్చింది. 2025 నాటికి దేశంలో అమ్మే పెట్రోలులో నూటికి 20 వంతుల ఇథనాలు కలుస్తున్నది. చెరకు నుంచీ ధాన్యం నుంచీ తీసే ఈ ద్రవంలో ముందే కొంత ఆక్సిజను ఉంది. ఒక పాలు ఇథనాలు మండడానికి తొమ్మిది పాళ్ళ గాలి చాలు. పదిహేను పాళ్ళ లెక్కకు చేసిన జెట్టు మాత్రం పాత కొలతనే పంపుతుంది. అంటే ఎవరూ ముట్టుకోకుండానే మిశ్రమం పలుచనవుతుంది. పాత బండి ఎండలో గతంకంటె వేడెక్కుతున్నదనీ, యాక్సిలరేటరు ఇచ్చినప్పుడు తడబడుతున్నదనీ అనిపిస్తే ప్లగ్గు విప్పి చూడాలి. తెల్లబారి ఉంటే సూదిని ఒక గాడి ఎత్తించడమో, జెట్టును ఒక నంబరు పెంచడమో చేస్తారు. ఇథనాలు నీటిని పీల్చుకొంటుంది. పాత రబ్బరు గొట్టాలను కూడా దెబ్బతీస్తుంది. వాటిని మార్చడం చౌకైన పని.

కన్నడ దేశానికి ఈ రకం ఇంజన్లతో పాత అనుబంధమే ఉంది. 1961లో మైసూరులో జావా మోటారు సైకిళ్ళ తయారీ మొదలైంది. అవి టూ స్ట్రోకువే. 1996లో ఆ కర్మాగారం మూతపడింది. 1980లో హోసూరు నుంచి ఇద్దరు కూర్చోగల టీవీఎస్ 50 మోపెడ్ వచ్చింది. దక్షిణాది పల్లెలలో మూటలు మోసే బండిగా స్థిరపడింది ఆ వంశమే. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 అనే కాలుష్య నియమాలు అమలులోకి వచ్చాక కొత్త బళ్ళలో కార్బురేటరు కనుమరుగైంది. గాలి ఎంత వస్తున్నదో, ఎంత వేడిగా ఉన్నదో, పొగలో ఆక్సిజను మిగిలిందో లేదో చూసే చిన్న పరికరాలు వాటిలో ఉంటాయి. వాటి కబురు అందుకొని ఒక ఎలక్ట్రానిక్ పెట్టె ఆవగింజంత పెట్రోలును కొలిచి చిమ్మిస్తుంది. ఆ బండి పావగడ నుంచి తీరానికి దిగినా, తీరం నుంచి ఊటీకి ఎక్కినా పాళ్ళు తనంతట తానే దిద్దుకొంటుంది. అది చెడితే మాత్రం స్క్రూడ్రైవరుతో పని జరగదు, కంప్యూటరు తగిలించి చూడాలి. కొత్త బండి కొనలేనివారు, పాతది బాగానే నడుస్తుండగా ఎందుకు మార్చాలనేవారు ఇంకా పాత మోపెడ్లనే నడుపుతున్నారు. ఆ బళ్ళు ఉన్నంత కాలం పావు చుట్టు తిప్పి, చెయ్యి తీసి, చెవి ఒగ్గి వినేవారితో షెడ్డులకు పని ఉంటుంది.